వస్తామన్న నలభై ముగ్గురు

బాస్కెట్‌బాల్‌కూ నాకూ ఉన్న చుట్టరికమంతా నా ఎత్తు వల్ల ఏర్పడిందే. ఆరడుగుల ఒక అంగుళం ఉంటాను. కరోనా సద్దుమణిగి, జనం మాస్కులను గడ్డం కిందికి దించుకుని తిరుగుతున్న రోజుల్లో, దుబాయ్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో విద్యార్థి వ్యవహారాల ఆఫీసులో ఉద్యోగానికి వెళ్ళాను. ఇంటర్వ్యూ చేసినాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "బాస్కెట్‌బాల్ ఆడేవారా?" అని అడిగాడు. "ఏదో, కొద్దిగా" అన్నాను. తణుకులో మా హైస్కూలు గ్రౌండులో ఒక బాస్కెట్‌బాల్ స్తంభం ఉండేది, అది మాత్రం నిజం. దానికి వల లేదు. బడిలో బాల్ కూడా లేదు. డ్రిల్లు మాస్టారు తన సైకిలును దానికి ఆనించి పెట్టేవారు, నేను దాని నీడలో నిలబడి వేరుశనక్కాయలు తినేవాణ్ణి. అంతటి అనుభవాన్ని "కొద్దిగా" అనడం వినయమేనని ఆయన అనుకున్నట్టున్నాడు.

ఉద్యోగం వచ్చింది. ఎన్నో పనులు చెప్పారు గాని అసలు పని ఒకటే. కాలేజీ జట్టు ఆడే బాస్కెట్‌బాల్ మ్యాచులకు కాలేజీ విద్యార్థులను రప్పించాలి. జట్టు అంటే అమ్మాయిల జట్టు, మొత్తం తొమ్మిది మంది. హాలు చాలా బాగుంటుంది. నున్నటి చెక్క నేల, చల్లటి ఏసీ, ఒక పక్కంతా మెట్లు మెట్లుగా బెంచీలు. మ్యాచ్ ఎప్పుడూ గురువారం సాయంత్రం ఐదున్నరకు. ఆ బెంచీల మీద కూర్చునేవాళ్ళు మాత్రం ఇద్దరే, నేనూ గేటు దగ్గరి సెక్యూరిటీ అతనూ. అతను కూడా ఏసీ కోసం వచ్చేవాడు.

మొదటి సంవత్సరం నేను చేయని ప్రయత్నం లేదు. పోస్టర్లు వేయించాను. సమోసాలు పెట్టించాను. ఐదింటికి వచ్చిన పదిహేను మంది సమోసాలు తిని, చెయ్యి తుడుచుకుని, మ్యాచ్ మొదలు కాకముందే మాయమయ్యారు. ఈసారి సమోసాలు ఆట మధ్యలో విరామంలో పెడితే చచ్చినట్టు కూర్చుంటారని పథకం వేశాను. ఎవరూ రాలేదు, సెక్యూరిటీ అతనూ నేనూ ఎంత తినగలమో అంతా తిన్నాం. ఇక జనం లేకపోయినా సందడి ఉండాలని ఒక ఈల కొని తీసుకెళ్ళాను. మన అమ్మాయి బాల్ పట్టుకుని పరుగెత్తుతోంది కదా అని ఉత్సాహం కొద్దీ ఊదాను. పదిమందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. రెఫరీ బెంచీల దాకా నడిచివచ్చి, చెయ్యి చాపి, నా ఈల తీసుకుని జేబులో వేసుకున్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషినండీ నేను.

ఆ జట్టు కెప్టెన్ రెండో సంవత్సరం చదివే తెలుగమ్మాయి. వాళ్ళమ్మది నరసాపురం దగ్గర, షార్జాలో ఒక ఆసుపత్రిలో నర్సు. అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ షార్జాలోనే అయినా, అమ్మ దగ్గర నేర్చుకున్న గోదావరి తెలుగు చక్కగా మాట్లాడేది. మామూలప్పుడు నన్ను "సార్" అనేది, కోపం వస్తే "అంకుల్" అనేది. నా పోస్టర్లు చూసి నవ్వేది గాని, ప్రతి మ్యాచ్‌కూ ముందు బెంచీల వైపు ఒకసారి తలెత్తి చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు. నా పని ఎంత బాగా చేశానో అందులో కనపడేది.

నేను చేరిన రెండో సంవత్సరం ఫిబ్రవరిలో మా ముదీర్ నన్ను పిలిచాడు. ముదీర్ అంటే మా పై అధికారి. ఆయన పేరుతో పిలిచే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేదు.

"వారానికి మూడు సాయంత్రాలు హాలు ఈ జట్టుకు ఇస్తున్నాం. చూసేవాళ్ళు లేరు. బ్యాడ్మింటన్ వాళ్ళు హాలు కావాలని అడుగుతున్నారు" అన్నాడు ఆయన. "మన దగ్గర జరిగే మ్యాచులు ఇంకా రెండున్నాయి. జనం కనపడితే జట్టు ఉంటుంది. లేదంటే ఈ ఏడాదితో ఖలాస్."

ఆ మాట అమ్మాయికి చెప్పక తప్పలేదు. ఆమె బాల్‌ను రెండు చేతుల మధ్య తిప్పింది. "ఈ ఊళ్ళో అమ్మాయిలం మేం బాల్ పట్టుకునేది ఈ హాల్లోనేనండి" అంది. "పార్కుల్లో కోర్టులన్నీ అబ్బాయిలయ్యే. మమ్మల్ని రానివ్వరని కాదు, మాకు వంతు రాదంతే. ఇది పోతే నా ఆట అయిపోయినట్టే సార్."

"నీకెందుకు, నేనున్నాను కదా" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది.

నాకొక ఉపాయం తట్టింది. ఊరందరి వెంటా పడడం దేనికి, కాలేజీలో తెలుగు పిల్లలు వందమందికి పైగా ఉన్నారు. హైదరాబాదు, విజయవాడ, వైజాగ్ నుంచి వచ్చి ఆఫీసుల్లో పనిచేసే తల్లిదండ్రుల పిల్లలు. పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్నవాళ్ళు. వాళ్ళను పట్టుకుంటే చాలు. సాయంత్రం నాలుగుంబావుకు, షార్జాకూ దేరాకూ వెళ్ళే కాలేజీ బస్సులు ఆగేచోట, గేటు పక్కన ఒక టేబుల్ వేసుకుని, రిజిస్టరు తెరిచి కూర్చున్నాను. కనపడిన ప్రతి తెలుగు పిల్లనూ పిల్లాణ్ణీ ఆపి, "గురువారం మన మ్యాచ్ ఉందమ్మా, తప్పకుండా రావాలి" అనేవాణ్ణి. వాళ్ళు బ్యాగు భుజం మీద సర్దుకుంటూ, తల కొంచెం వంచి, ఎంత మర్యాదగా "వస్తాం సార్" అనేవారని! నేను పేరు రాసుకుని టిక్కు పెట్టుకునేవాణ్ణి. నాలుగు రోజుల్లో నలభై మూడు టిక్కులయ్యాయి. ఒక్కడంటే ఒక్కడు "కుదరదు" అనలేదు.

ముదీర్ దగ్గరికి వెళ్ళి కోతలు కోశాను. నలభై ముగ్గురు మాటిచ్చారనీ, మా వాళ్ళు మాటంటే మాటేననీ చెప్పాను. ఆయన రిజిస్టరు చూసి, "అయితే నేనూ వస్తాను" అన్నాడు. ఇంటికి వచ్చి మా ఆవిడకు కూడా గర్వంగా చెప్పాను. ఆవిడ పప్పు తాలింపు వేస్తూ, "పిల్లలు బస్సెక్కడానికి పరుగెడుతుంటే అడిగారా?" అని మాత్రం అంది. ఆవిడకు నా ఉద్యోగం అంటే మొదటి నుంచీ చిన్నచూపేనని సరిపెట్టుకున్నాను.

గురువారం ఐదున్నర అయింది. ముదీర్ సూటు వేసుకుని వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు. అమ్మాయిలు జడలు బిగించి కట్టుకుని వరసగా నిలబడ్డారు. బెంచీల మీద ఎవరెవరు ఉన్నారంటే, ముదీర్, నేను, సెక్యూరిటీ అతను, నాన్న కారు కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. కెప్టెన్ తలెత్తి చూసింది. నేను నా ఫోన్ వైపు చూశాను.

"ఆ నలభై ముగ్గురూ?" అన్నాడు ముదీర్.

"ట్రాఫిక్ అయి ఉంటుంది సార్" అన్నాను.

"కాలేజీ లోపలా?"

కనీసం చప్పుడైనా చేద్దామని చేతులు వాచిపోయేలా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను. ఎడమవైపు బుట్టలో బాల్ పడిన ప్రతిసారీ లేచి నిలబడి, ఇక్కడివాళ్ళు "పదండి, పదండి" అనడానికి వాడే అరబ్బీ మాటతో "యల్లా! యల్లా!" అని అరిచాను. సగం ఆట అయ్యాక విరామం ఇచ్చారు, మళ్ళీ మొదలైంది. నేను అలాగే ఎడమవైపు పడ్డప్పుడల్లా అరుస్తున్నాను. నాలుగోసారి అరిచేటప్పటికి కెప్టెన్ ఆట మధ్యలో ఆగి నా వైపు చూసింది. ముదీర్ నా మోచేతి మీద చెయ్యి వేసి, చాలా నెమ్మదిగా, "విరామం తరవాత జట్లు వైపులు మారతాయి. మీరిప్పుడు అవతలి జట్టుకు, షార్జా కాలేజీ వాళ్ళకు చప్పట్లు కొడుతున్నారు" అని చెప్పాడు. ఇంకో ఐదు నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయాడు. మనవాళ్ళు ఎనిమిది పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

మ్యాచ్ అయ్యాక ఆ అమ్మాయి వరండాలో నీళ్ళ కూలర్ దగ్గర నన్ను పట్టుకుంది. తప్పించుకుపోదామనుకున్నాను గాని ఆరడుగుల మనిషికి దాక్కునే చోటు దొరకదు.

"ఆ నలభై ముగ్గురూ ఎవరండి?"

రిజిస్టరు చూపించాను. ఆమె పేజీ తిప్పి చూసి, "ఎప్పుడడిగారు?" అంది.

"బస్సుల దగ్గర. సాయంత్రం వెళ్ళేటప్పుడు."

"ఏమన్నారు?"

"వస్తాం సార్ అన్నారు. అందరూ. ఒక్కరు కూడా కాదనలేదు."

ఆమె రిజిస్టరు మూసేసింది. నవ్వు ఆపుకోలేకపోయింది మొదట, ఆ తరవాత ఆ నవ్వు పోయింది. "అంకుల్, మీది తణుకే కదండీ? మా మమ్మీ డ్యూటీకెళ్తా రోజూ గుమ్మంలో 'వస్తానమ్మా' అనే అంటది. పద్నాలుగు గంటలు గడిస్తే గాని రాదు. అలాగని నేను తలుపు పట్టుకుని నిలబడి ఉంటానా? ఆళ్ళు మీకు వస్తామని చెప్పలేదండి. ఎళ్ళిపోతున్నామని చెప్పారు."

పప్పులో కాలేశానని అప్పుడు తెలిసింది. మన ఇళ్ళల్లో గడప దిగేవాళ్ళెవరూ "వెళ్తున్నాను" అనరు, "వస్తాను" అనే అంటారు. అది నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంటున్న మాట, మా నాన్నగారి దగ్గర సెలవు తీసుకున్న ప్రతిసారీ అన్న మాట. బస్సు అందుకునే తొందరలో పిల్లలు పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు కదా అని మర్యాదగా సెలవు తీసుకుంటే, నేను ఆ సెలవులన్నీ పేర్లతో సహా రాసుకుని, టిక్కులు పెట్టి, ముదీర్‌కు అప్పజెప్పాను. షార్జాలో పుట్టిన పిల్ల తణుకువాడికి తెలుగు నేర్పాల్సి వచ్చింది.

"ఇంకొక్క మ్యాచే ఉంది సార్" అంది ఆమె, ఈసారి మెల్లగా. ఆ "సార్" అనడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. ఆ పిల్ల ఆట నా చేతిలో పోతోందని ఆ నిమిషంలో నిజంగా భయమేసింది. అప్పటిదాకా నా పరువు గురించే భయపడుతున్నాను, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

సోమవారం నాలుగుంబావుకు టేబుల్ వేయలేదు. షార్జా బస్సెక్కాను. ఆ పిల్లలు అంత తొందరగా ఎక్కడికి పోతారో చూద్దామనిపించింది. ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చున్నాను. డ్రైవరుది కామారెడ్డి వైపు, పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడట. సరిగ్గా నాలుగున్నరకు బండి కదిలింది. ఒకమ్మాయి దూరం నుంచి చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అతను తలుపు తీసి ఎక్కించుకున్నాడు గాని బండి పూర్తిగా ఆపలేదు.

"రెండు నిమిషాలు ఆగొచ్చు కదా" అన్నాను.

"రెండు నిమిషాలు ఆగితె అవుతల ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌ల పోతది సార్" అన్నాడు. "ఆరింటికి సైటు కాడ లేబరోళ్ళను ఎక్కిచ్చుకోవాలె. గాళ్ళను సోనాపూర్ లేబర్ క్యాంపుల దింపాలె. పొద్దుగాల నాలుగింటికి లేసినోళ్ళు, గాళ్ళను నిలవెడితె పాపం కాదా?"

పిల్లలు ఈ బస్సు తప్పితే ఎలా వెళ్తారని అడిగాను. అతను నా వైపు ఒకసారి వింతగా చూశాడు. "జట్టోళ్ళకు రాత్రి చిన్న వ్యాను ఉంటది, గీళ్ళకు ఇంకో బండి లేదు. గాళ్ళ అమ్మానాయిన గూడ డ్యూటీలనే ఉంటరు. టాక్సీల పోయే పిల్లలైతె నా బస్సెందుకెక్కుతరు?" అన్నాడు. గేరు మార్చి, "ఏం సార్, మ్యాచులకు జనం కావాలని తిరుగుతున్నది మీరేనా? పిల్లలు చెప్పుకుంట నవ్వుకుంటరు. మీరు అందర్ని అడుగుతున్రు గని, టైమును అడుగుతలేరు" అన్నాడు.

ఏడాదిన్నర పాటు పోస్టర్లు, సమోసాలు, ఈల, రిజిస్టరు. బస్సు నాలుగున్నరకు పోతుందని తెలుసు, మ్యాచ్ ఐదున్నరకని తెలుసు. ఈ రెండూ ఒక్క బుర్రలో పక్కపక్కనే ఉండి కూడా ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. ఆ బుర్రకు కాలేజీ జీతం ఇస్తోంది. బస్సు ఆపమని అడగడానికి ఇక నోరు రాలేదు, సైటు దగ్గర నిలబడే మనుషులు కళ్ళలో మెదిలారు. బస్సు జరగకపోతే మ్యాచే జరగాలి.

ముదీర్ దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు గాని వెళ్ళాను. ఆఖరి మ్యాచ్ మధ్యాహ్నం పన్నెండుంబావుకు, భోజనాల వేళ పెట్టమని అడిగాను. "ఈసారి ఎంతమంది మాటిచ్చారు?" అన్నాడు. "ఎవరినీ అడగలేదు సార్" అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చిందో, నాతో విసిగిపోయాడో తెలియదు, "యల్లా, ఇదే ఆఖరు" అని సంతకం పెట్టాడు. అవతలి జట్టు కోచ్ వెంటనే ఒప్పుకుంది. వాళ్ళ అమ్మాయిలకూ సాయంత్రం బస్సుల గొడవే ఉందట.

మ్యాచ్ రోజు నేను చేసిన పని రెండే రెండు. హాలు మూడు తలుపులూ బార్లా తీసి పెట్టాను. "లోపల తినుబండారాలు నిషేధం" అనే బోర్డు ఒకటుంటే దాన్ని తీసి నా టేబుల్ కింద దాచాను. ఆ బోర్డు పెట్టించింది కూడా నేనే, సమోసాల కాగితాలు చూసి మండిపోయి.

తరగతుల నుంచి క్యాంటీనుకు వెళ్ళే దారిలోనే హాలు ఉంటుంది. మార్చి ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. క్యాంటీనులో ఒంటిగంటకు టేబుల్ దొరకడం ఎవరికైనా కష్టమే. పిల్లలు ఆట మీద ప్రేమతో వచ్చారని రాయాలని నాకూ ఉంది. కూర్చోవడానికి చోటు కోసం వచ్చారు. టిఫిను డబ్బాలు తెచ్చుకుని బెంచీల మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. హాలంతా బిర్యానీ వాసన, షవర్మా వాసన, ఎవరిదో గోంగూర అన్నం వాసన. మొదట్లో అందరూ డబ్బాల వైపే చూస్తున్నారు. తరవాత ఒక బాల్ గిరగిరా తిరిగి తిరిగి బుట్టలో పడకుండా బయటికి దొర్లింది. "అయ్యో!" అని ఒక్కసారిగా నలుగురైదుగురు అరిచారు, అందులో ఒకడి నోట్లో ముద్ద ఉంది. ఆ తరవాత డబ్బాలు పక్కకు పోయాయి.

ఇన్నాళ్ళూ జనం రావాలని కోరుకున్న అమ్మాయిలు జనాన్ని చూసి బిగుసుకుపోయారు. కెప్టెన్ పరిస్థితి మరీ ఘోరం. ఎవరూ అడ్డురాకుండా నిలబడి వేసే ఫ్రీ త్రోలు, ఖాళీ హాల్లో కళ్ళు మూసుకుని వేసే పిల్ల, రెండుకు రెండూ బుట్ట అంచుకు కొట్టింది. మరోసారి రెండూ అంచును కూడా తాకలేదు. నేను చప్పట్లు కొట్టడం మానేసి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఒకటిన్నరకు తరగతులున్నాయి. ఇంకా చివరి పది నిమిషాల ఆట మిగిలి ఉండగా సగం మంది డబ్బాలు మూసి లేచారు. ముదీర్ కాఫీ కప్పుతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, వాళ్ళంతా ఆయన పక్కనుంచే బయటికి పోతున్నారు. అయిపోయింది అనుకున్నాను. అంతలో ఒకటిన్నరకు తరగతులు అయిపోయినవాళ్ళు డబ్బాలు పట్టుకుని లోపలికి రావడం మొదలుపెట్టారు. కొందరికి తరగతి మొదలయ్యే వేళకు ఇంకొందరికి ముగుస్తుందని కూడా నేను ముందే ఆలోచించలేదు. ఈ విజయంలో నా తెలివి పాలు ఎంతో పాఠకులకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మనవాళ్ళు ఇరవై రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ఏడాది అదే పెద్ద ఓటమి. ముదీర్ ఖాళీ కప్పు నా చేతికిచ్చి, "జట్టు ఉంటుంది. వచ్చే ఏడాది మ్యాచులన్నీ మధ్యాహ్నమే పెట్టండి" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట చెబుదామని పరుగులాంటి నడకతో వెళ్ళాను. కెప్టెన్ కింది బెంచీ మీద తువ్వాలు మొహం మీద కప్పుకుని కూర్చుని ఉంది.

"జట్టు ఉంటుందమ్మా. ముదీర్ చెప్పారు. హాలు మీదే."

తువ్వాలు కదల్లేదు. "ఇరవై రెండు సార్" అంది లోపలి నుంచి.

"పోనీలే, ఇంతకుముందు మాత్రం ఓడిపోలేదా?"

ఆమె తువ్వాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అప్పుడు ఎవరు చూశారండి? మేమే ఓడిపోయి మేమే ఇంటికెళ్ళిపోయేవోళ్ళం. ఇయ్యాళ అందరూ చూశారు. నాకు సిగ్గేస్తంది అంకుల్" అంది. ఓదార్చడం నా ఉద్యోగంలో భాగం, దానికి రెండు రోజుల శిక్షణ కూడా ఇచ్చారు. నేను ముదీర్ ఖాళీ కప్పును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

ఆమె లేచి, బాల్ తీసుకుని, ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడింది. వేసింది. పడలేదు. పై బెంచీ మీద ఇంకా అన్నం తింటున్న మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె, స్పూను గాల్లో ఊపుతూ, "అక్కా, ఇంకొంచెం పైకి వేయాలి" అని అరిచింది.

"తెలుసులే, తిను" అంది కెప్టెన్ వెనక్కి తిరగకుండానే, బాల్ తెచ్చుకోవడానికి పరుగెడుతూ.